గంటన్నర అన్నం

ప్రశ్న: మేడం గారూ, నమస్తే. మేము నిజాంపేటలో రెండు బెడ్‌రూముల ఫ్లాట్‌లో ఉంటున్నాం. పాపకి మూడేళ్లు నిండాయి, బాబుకి ఐదో నెల. పాప అన్నం తినదు. ఫోన్‌లో రైమ్స్ పెడితేనే నోరు తెరుస్తుంది. అప్పుడు కూడా ముద్ద బుగ్గలో పెట్టుకుని మింగకుండా కూర్చుంటుంది. ఒక్కో పూటకి గంట, గంటన్నర పడుతోంది. రోజుకి నాలుగు గంటలు గిన్నె పట్టుకుని దాని వెనకాల తిరగడమే నా పని. తినలేదు కదా అని పాలు పడతాను. పౌడరు కలిపి మూడు సీసాలు తాగుతుంది. బాబు పుట్టినప్పటి నుంచి అత్తయ్యగారు మాతోనే ఉంటున్నారు. ‘పిల్ల చిక్కి సగమైంది, మా పిల్లలు ఇలా ఉండేవాళ్లు కాదు’ అని ఇంటికి ఎవరొచ్చినా వాళ్ల ముందే అంటారు. మొన్న డాక్టరు గారు బరువు చూసి పదమూడు కిలోలుంది, బాగానే ఉంది అన్నారు. ఇంట్లో ఎవరూ నమ్మలేదు. నిజం చెప్పాలంటే నేనూ నమ్మలేదు. మావారు మంచివారే. రాత్రి తొమ్మిదికి వస్తారు, నేను తినిపిస్తుంటే ఆయన ఫోన్ పట్టుకుని పాపకి చూపిస్తారు. పోయిన శుక్రవారం రాత్రి బాబు ఒకటే ఏడుపు. ఇక్కడ పాప ముద్ద నా మీద ఉమ్మేసింది. చెంప మీద కొట్టాను. వేళ్లు తేలాయి. అది ఏడవలేదు, గబుక్కున నోరు తెరిచింది. అలా నోరు తెరవడమే నా కళ్లలో నుంచి పోవడం లేదు. నేను మంచి తల్లినేనా? పాప తినడానికి ఏదైనా దారి చెప్పండి. – ఒక తల్లి, హైదరాబాద్

సమాధానం:

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఆ చెంపదెబ్బ దగ్గర ఆగిపోయాను. రెండోసారి పాలసీసాల దగ్గర ఆగాను. చెంపదెబ్బ గురించీ మాట్లాడదాం, కానీ ముందు సీసాలు. వాటి సంగతి ఈ వారంలోనే తేలిపోతుంది.

మీ సీసా 250 మిల్లీలీటర్లది అనుకుందాం. మూడు సీసాలంటే ముప్పావు లీటరు. ఫుల్ క్రీమ్ పాలైతే వాటిలోనే ఆరు వందల క్యాలరీలకు పైగా ఉంటాయి. పౌడరు, పంచదార వేరే. మూడేళ్ల పిల్లకి రోజు మొత్తానికి కావలసింది సుమారు వెయ్యి, పదకొండు వందల క్యాలరీలు. అంటే మీరు గిన్నె పట్టుకుని హాల్లోకి వచ్చేసరికే పాప సగానికి పైగా భోజనం ముగించేసింది. పెళ్లిలో బంతి భోజనం చేసి ఇంటికొచ్చిన మనిషిని కూర్చోబెట్టి ‘ఇంకో నాలుగు ఇడ్లీలు తినండి’ అంటే ఏం చేస్తాడు? మొహమాటానికి ఒకటి తింటాడు. పిల్లలకి మొహమాటం ఉండదు, ఉమ్మేస్తారు.

‘తినలేదు కదా అని పాలు పడతాను’ అని రాశారు. ఆ వాక్యాన్ని ఒకసారి తిరగేసి చదువుకోండి.

ఇంకో చిక్కు ఉంది. పాలలో ఇనుము దాదాపు లేనట్టే. రోజూ అన్ని పాలు తాగుతూ పప్పూ ఆకుకూరా గుడ్డూ ముట్టని పిల్లల్లో రక్తం తగ్గడం నేను చాలామందిలో చూశాను. రక్తం తగ్గితే ఆకలి మందగిస్తుంది. ఆకలి మందగించిందని ఇంకో సీసా పడతాం. అందుకే ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు హిమోగ్లోబిన్ ఒకసారి చూడమని అడగండి. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకి వారానికి రెండుసార్లు, ఒక్కో మిల్లీలీటరు ఐరన్ సిరప్ ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది. అపార్ట్‌మెంట్ల వాళ్లకి ఈ సంగతి తెలియదు, ఆశా కార్యకర్తలేమో వాచ్‌మన్‌ని దాటి పైకి రాలేరు. దగ్గర్లోని బస్తీ దవాఖానాలో అడగండి. నులిపురుగుల మాత్ర ఆఖరిసారి ఎప్పుడు వేశారో కూడా గుర్తు చేసుకోండి. ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలోనూ ఆగస్టులోనూ అంగన్‌వాడీల్లో వేస్తారు.

ఇక బరువు. నేను ముప్పై ఏళ్లు అంగన్‌వాడీల్లో పనిచేశాను, మొదట టీచరుగా, తర్వాత సూపర్‌వైజర్‌గా. దూలానికి వేలాడే కాటాలో గుడ్డసంచీలాంటి దాంట్లో పిల్లల్ని కూర్చోబెట్టి బరువు చూసేవాళ్లం. కార్డు మీద చుక్క పెట్టి పోయిన నెల చుక్కతో కలిపేవాళ్లం. ఆకుపచ్చ రంగులో ఉంటే సరే, పసుపులోకి దిగితే మళ్లీ వారం ఇంటికి వెళ్లి చూసేవాళ్లం. మూడేళ్ల ఆడపిల్లకి ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో మధ్యలో ఉండే బరువు 13.9 కిలోలు. 10.8 కన్నా దిగితే అప్పుడు తక్కువ బరువు అంటారు. మీ పాప పదమూడు. నేను అయితే ఆకుపచ్చలో చుక్క పెట్టి ‘తర్వాత ఎవరు?’ అని పిలిచేదాన్ని.

మరి అందరి కంటికీ చిక్కినట్టు ఎందుకు కనిపిస్తుందంటే, మన కళ్లు మొదటి ఏడాదికి అలవాటు పడిపోతాయి. మూడు కిలోలతో పుట్టిన బిడ్డ ఏడాది తిరిగేసరికి తొమ్మిది కిలోలు అవుతుంది. ఆ తర్వాత ఏడాదికి రెండు, మహా అయితే రెండున్నర కిలోలే పెరుగుతుంది. ఒంటికి అంత తిండి అక్కర్లేదు కాబట్టి ఆకలీ తగ్గుతుంది. బుగ్గలు లోపలికి పోతాయి, కాళ్లు పొడుగవుతాయి. పక్కన ఐదు నెలల తమ్ముడు బూరెల్లాంటి బుగ్గలతో పడుకుని ఉంటే అక్క సన్నగా కనిపించక ఏమవుతుంది? మీ అత్తగారి కళ్లు అబద్ధం చెప్పడం లేదు, వాడి పక్కన పెట్టి చూస్తున్నాయి అంతే.

ఒక్క విషయం మాత్రం జాగ్రత్త. రెండు మూడు నెలలు వరసగా బరువు పెరగకపోయినా తగ్గినా, మింగేటప్పుడు పొలమారుతున్నా, తరచూ వాంతులవుతున్నా, మెతుకు తగిలితే చాలు కక్కుకుంటూ రెండు మూడు రకాలు తప్ప ఇంకేవీ దగ్గరికి రానివ్వకపోయినా, ఆటలు మాని నీరసంగా పడి ఉంటున్నా నేను చెప్పేవన్నీ పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లండి. మీరు రాసినదాన్ని బట్టి అలాంటిదేమీ కనిపించలేదు. మిమ్మల్ని తన వెనక పరిగెత్తించే పిల్లకి నీరసం ఎక్కడిది!

ఫోన్ గురించి రాయకముందు నా గుట్టు కూడా చెప్పేస్తాను. మా మనవడు అమెరికాలో ఉంటాడు. వాడికి రెండేళ్లప్పుడు మా అమ్మాయి రోజూ వీడియో కాల్ చేసేది. నేను ఇక్కడ పొద్దున్నే కాఫీ పెట్టుకుంటూ చందమామ పాటలు పాడుతుంటే వాడు అక్కడ రాత్రి అన్నం తినేవాడు. ఎంత మురిసిపోయేదాన్నో! ఒకరోజు మా ఇంట్లో నెట్ పోయింది. ఆ రాత్రి వాడు మెతుకు ముట్టలేదట. అప్పుడు అర్థమైంది, ఆ ఇంట్లో రైమ్స్ వీడియో నేనే అని. కాబట్టి మీకు ఉపన్యాసం ఇచ్చే అర్హత నాకు లేదు.

కానీ జరిగేదేమిటో చూడండి. బొమ్మలు చూస్తున్న పిల్లకి నోరు తెరవడం ఒక్కటే తెలుస్తుంది. నోట్లో పడింది పప్పో పెరుగో తెలియదు, కడుపు నిండిందో లేదో తెలియదు. ముద్ద బుగ్గలో ఉండిపోవడం మొండితనం కాదమ్మా, నమలాలన్న ధ్యాసే లేకపోవడం. రెండేళ్ల లోపు పిల్లలకి తెర అసలు వద్దనీ, రెండు నుంచి ఐదేళ్ల వాళ్లకి రోజు మొత్తం మీద గంటకి మించకూడదనీ, అదీ భోజనం దగ్గర వద్దనీ మన దేశంలో పిల్లల డాక్టర్ల సంఘం చెబుతోంది. మీ ఇంట్లో అన్నం దగ్గరే మూడు నాలుగు గంటలు అవుతోంది. ఇంకా భయపెట్టేది వేరే ఉంది. ఆడుతూ, నవ్వుతూ, పరిగెడుతూ ఉన్న పిల్ల నోట్లో ముద్ద కుక్కితే అది గొంతుకి అడ్డం పడవచ్చు. పల్లీలు, వేయించిన శనగలు, ముక్కలు చేయని ద్రాక్షపళ్లు నాలుగైదేళ్లు వచ్చేదాకా చేతికి ఇవ్వకండి. కూర్చోకుండా ఏదీ పెట్టకండి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మీ రోజులో నాలుగు గంటలు పాప వెనకే ఉంటున్నారు. ఆ గిన్నె చేతిలో లేకుండా పాప దగ్గర ఎంతసేపు కూర్చుంటున్నారు? బాబుకి పాలివ్వడం, పక్కబట్టలు, వంట, మళ్లీ బాబు. ఐదు నెలల కిందటి దాకా ఒడి మొత్తం పాపదే. ఇప్పుడు ఆ ఒడిలో ఇంకొకడు ఉన్నాడు. అమ్మ పూర్తిగా తన వైపే చూసేది, తన పేరు పిలుస్తూ బతిమాలేది, ఇల్లంతా తన వెంట తిరిగేది అన్నం వేళ ఒక్కటే. పది నిమిషాల్లో తినేస్తే ఏమవుతుంది? అమ్మ మూతి తుడిచి, గిన్నె సింకులో పడేసి, తమ్ముడి దగ్గరికి వెళ్లిపోతుంది. తినకపోతే గంటన్నర ఉంటుంది. మూడేళ్ల పిల్లకి కూడికలు రావు కానీ ఈ లెక్క బాగా వచ్చు.

అందుకని మీరు అడిగిన దారి వంటింట్లో మొదలు కాదు. బాబు పడుకున్నాకో, లేక వాణ్ణి నానమ్మ చేతికిచ్చో, రోజుకి ఒక పావుగంట పాపతో ఊరికే కూర్చోండి. అన్నం మాట ఎత్తకూడదు, బొమ్మలు సర్దమనకూడదు, ఏబీసీడీలు చెప్పించకూడదు. జడ వేయించుకుంటుందా, మీ తల దువ్వుతుందా, మీ గాజులు తీసి పెట్టుకుంటుందా, దాని ఇష్టం. పావుగంటేనా అనుకోకండి. రోజూ ఒకే వేళకి వచ్చే పావుగంట పిల్లలకి చాలా పెద్దది. దాని కోసం కాచుకుని కూర్చుంటారు.

తిండి సంగతి. ముందు పాలు తగ్గించండి, ఫోన్ తర్వాత. రెండూ ఒకేరోజు లాగేసుకుంటే ఇల్లు పీకి పందిరి వేస్తుంది, మూడో రోజుకి మీరే రెండూ తిరిగి ఇచ్చేస్తారు. మొదట మధ్యాహ్నం సీసా మానేయండి. రెండు మూడు రోజులు పోయాక మిగిలిన రెండూ గ్లాసులోకి మార్చండి. మూడేళ్లకి సీసా వదిలించాల్సిందే, పళ్లు కూడా పుచ్చిపోతాయి. పొద్దున ఒక చిన్న గ్లాసు, రాత్రి ఒక చిన్న గ్లాసు, అదీ టిఫిను తర్వాత, అన్నం తర్వాత. రోజు మొత్తానికి నాలుగు వందల మిల్లీలీటర్లు చాలు. పెరుగు తింటే ఇంకా తక్కువైనా పర్వాలేదు. పౌడరు డబ్బా అయిపోయాక ఇంకొకటి కొనకండి. అలాంటి చాలా పౌడర్లలో పంచదార ఎక్కువ.

పాలు తగ్గిన మూడు నాలుగు రోజులకి ఆకలి మొహం కనబడుతుంది. అప్పుడు మధ్యాహ్నం అన్నంతో మొదలుపెట్టండి. రాత్రిపూట వద్దు. రాత్రికి పాపా అలిసిపోయి ఉంటుంది, మీరూ అలిసిపోయి ఉంటారు, అప్పుడు యుద్ధం తప్ప ఇంకేమీ జరగదు.

మధ్యాహ్నం పన్నెండున్నరకి నేల మీద పాత దుప్పటో, పేపరో పరవండి. మీరో అత్తగారో మీ కంచం కూడా పెట్టుకుని పక్కనే కూర్చోవాలి. ఎదురుగా కాదు, పక్కన. ఎదురుగా కూర్చుంటే పోలీసులా ఉంటుంది. పాప కంచంలో కోడిగుడ్డంత పప్పన్నం, నెయ్యి వేసి కలిపింది, ఒక పక్కన రెండు బంగాళదుంప వేపుడు ముక్కలు. అంతే. గుట్టగా పెడితే పిల్లకి చూడగానే కడుపు నిండిపోతుంది. మీరు మీ అన్నం తినండి. ‘తిను, తిను’ అనకండి. పాప చెయ్యి పెడుతుంది. మెతుకులు వేళ్ల సందుల్లోంచి జారతాయి, గౌను మీద, జుట్టులో, పక్కనున్న మీ కంచంలో పడతాయి. దుంపముక్క తీసి ముందు నాకి చూస్తుంది, కింద పెడుతుంది, మళ్లీ తీస్తుంది. అప్పుడు మీ చెయ్యి దానంతట అదే ముందుకు వస్తుంది చూడండి, ముద్ద చేసి నోట్లో పెట్టేద్దామని. ఆ చెయ్యిని మీ కంచంలోనే పెట్టుకోండి. అదే అడిగి ‘అమ్మా, నువ్వు పెట్టు’ అంటే హాయిగా పెట్టండి, గోరుముద్దలు తినిపించకూడదని ఎవరు చెప్పినా నేను ఒప్పుకోను. కానీ దాని నోరు అదే తెరిచినప్పుడు మాత్రమే.

అరగంట దాటనివ్వకండి. ఆడుతూ కూర్చుంటే ‘అయిపోయిందా బంగారం?’ అని అడిగి కంచం తీసేయండి. కోపంగా కాదు, బుజ్జగింపుగా కూడా కాదు. రెండు ముద్దలే తిన్నా సరే. మళ్లీ నాలుగింటికి అరటిపండో, ఉడికించిన గుడ్డో, పోపు వేసిన అటుకులో పెట్టండి. ఆ మధ్యలో మంచినీళ్లు తప్ప ఏమీ వద్దు. ఏం వండాలి, ఎన్నింటికి పెట్టాలి, ఎక్కడ కూర్చోబెట్టాలి అన్నవి మీ చేతిలో ఉంటాయి. ఎంత తినాలి అన్నది దాని కడుపు చేతిలో ఉంటుంది. తోటకూర పప్పులో నాలుగు చుక్కలు నిమ్మరసం పిండితే ఇనుము ఇంకాస్త బాగా ఒంటపడుతుంది. మొదటిసారి తోటకూర ఉమ్మేస్తే దానికి ఇష్టం లేదని తేల్చేయకండి. ఒక్కో కొత్త రుచి నాలుక మీదికి పది, పదిహేనుసార్లు వస్తే గానీ పిల్లలు స్నేహం చేయరు.

మొదటి రోజు ఏడుస్తుంది. రెండో రోజు కూడా. ఫోన్ ఎక్కడుందో దానికి తెలుసు కాబట్టి దాచి అబద్ధం చెప్పకండి. ‘అన్నం దగ్గర ఫోన్ రాదు’ అని ఒకే మాట, ఒకే గొంతుతో చెప్పండి. ఆ నియమం పెద్దవాళ్లకి కూడా. ఒక స్టీలు గిన్నె పెట్టి ఇంట్లో అందరి ఫోన్లూ అందులో వేసి ఫ్రిజ్ మీద పెట్టండి. మూడో రోజు సాయంత్రం ఆరింటికి వంటింట్లో బిస్కెట్ ప్యాకెట్ చప్పుడవుతుంది. కావాలంటే రాసిపెట్టుకోండి. ‘పాపం పొద్దుటి నుంచి ఏం తినలేదు’ అంటూ అత్తగారు ఇస్తుంటారు. అక్కడితో మూడు రోజుల కష్టం నీళ్లపాలు.

మీ అత్తగారి గురించి నేను చెడ్డగా రాస్తానని ఎదురుచూశారేమో. రాయను. ఆవిడ పిల్లల్ని పెంచిన రోజులు వేరు. పొంగు, విరేచనాలు, కోరింతదగ్గు వచ్చి చిక్కిన పిల్ల మళ్లీ కోలుకుంటుందో లేదో తెలియని రోజులు. అప్పట్లో బొద్దుగా ఉండటమే ఆరోగ్యం, ఒక వారం జబ్బు చేస్తే కరిగిపోవడానికి కాస్త కండ ఉండాలి. ఆ భయం ఆవిడలో ఇంకా పోలేదు. చార్టులు చూపిస్తే పోయే భయం కాదది. ఈసారి డాక్టరు దగ్గరికి ఆవిణ్ణి కూడా తీసుకెళ్లండి. మీరు చెబితే అది కోడలి మాట, డాక్టరు చెబితే అది డాక్టరు మాట. అడగాల్సినవన్నీ ఆవిణ్ణే అడగనివ్వండి.

మధ్యాహ్నం అన్నం బాధ్యత ఆవిడకే అప్పగించండి అని కూడా నా సలహా. ‘అత్తయ్యా, ఫోన్ లేకుండా పిల్లలకి అన్నం పెట్టడం మీకే తెలుసు, నాకు చేతకావడం లేదు’ అనండి. ఇది ముఖస్తుతి కాదు, నిజంగానే ఆవిడకి తెలుసు. ఏడుగురు అన్నదమ్ముల కథ, కాకి ముద్ద, పిచ్చుక ముద్ద, చందమామ – ఇవన్నీ ఆవిడ పిల్లలు పెరిగిన సరంజామా. నెల తిరగకముందే ‘నా చేత్తోనే తింటుంది’ అని వచ్చినవాళ్లందరికీ ఆవిడే చెప్పుకుంటారు. ‘చిక్కి సగమైంది’ అనే మాట అప్పుడు దానంతట అదే ఆగిపోతుంది. ఆగకపోతే మీరు పోట్లాడకండి. పిల్ల వింటుండగా అలా అనొద్దని వాళ్లబ్బాయి చెప్పాలి. మూడేళ్ల పిల్లకి అన్నీ అర్థమవుతాయి. ‘నేను తినను’ అన్నది తన బిరుదు అనుకుంటుంది.

వాళ్లబ్బాయి దగ్గరికి వచ్చాం కాబట్టి. ఆయన మంచివారే అని రాశారు, నమ్ముతాను. కానీ ఫోన్ పట్టుకోవడం తండ్రి చేయాల్సిన పని కాదు, ఆ పని చేసే స్టాండు వంద రూపాయలకి దొరుకుతుంది. రాత్రి తొమ్మిదికి వచ్చే మనిషి పొద్దున ఏడుకి ఇంట్లోనే ఉంటారు కదా. పాపకి పళ్లు తోమించి, స్నానం చేయించి, టిఫిను దగ్గర కూర్చోవడం ఆయన పని అనండి. ‘సాయం చేయండి’ అని అడగకండి, పంచుకోండి. పాప రాత్రి అన్నం ఆయన వచ్చేదాకా ఆపకండి. ఏడున్నరకల్లా పెట్టేయండి. తొమ్మిది దాటాక నిద్ర ముంచుకొస్తున్న పిల్ల ఏం తింటుంది? ఈ వయసుకి పగలూ రాత్రీ కలిపి పది నుంచి పదమూడు గంటల నిద్ర కావాలి.

ఇక ఆ శుక్రవారం. మా అబ్బాయికి రెండున్నరేళ్లప్పుడు అన్నం తినకపోతే నేను కొట్టలేదు, అంతకన్నా తెలివైన పని చేశాననుకున్నాను. ‘తినకపోతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి సూది వేయిస్తా’ అనేదాన్ని. గబగబా తినేవాడు. ఊళ్లో పిల్లలందరికీ టీకాలు వేయించే మనిషిని నేను, నా కొడుక్కి టీకా వేయించడానికి ముగ్గురు పట్టుకోవాల్సి వచ్చింది. నర్సమ్మ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. వాడు పదేళ్లు వచ్చేదాకా తెల్లకోటు కనిపిస్తే నా వెనక దాక్కునేవాడు. భయంతో తెరిచిన నోట్లోకి అన్నం వెళుతుంది, కానీ దాంతోపాటు ఇంకేదో కూడా వెళుతుంది. మీరు అది కళ్లారా చూశారు, అందుకే మరిచిపోలేకపోతున్నారు.

పాపతో ఆ మాట మాట్లాడారా? మాట్లాడకపోతే ఇప్పటికీ ఆలస్యం కాలేదు. ఆ పావుగంటలో ఒడిలో కూర్చోబెట్టుకుని ‘ఆ రోజు అమ్మ నిన్ను కొట్టింది కదా, అది అమ్మ తప్పు. అన్నం తినకపోయినా అమ్మ కొట్టదు’ అని చెప్పండి. ‘నువ్వు ఉమ్మేశావు కాబట్టి’ అని మాత్రం జోడించకండి. మళ్లీ చెయ్యి లేచేలా అనిపించినప్పుడు గిన్నె కింద పెట్టేసి బాల్కనీలోకి వెళ్లిపోండి. బాబు ఉయ్యాలలో ఉంటే మూడు నిమిషాలు ఏడ్చినా ఏమీ కాడు. పాపకి ఒక ముద్ద తక్కువైనా ఏమీ కాదు.

మంచి తల్లినేనా అని అడిగారు. ఆ ప్రశ్న పక్కన పెట్టి, ఆ గురువారం రాత్రి మీరు ఎన్ని గంటలు నిద్రపోయారో చెప్పండి. పొద్దున మీరేం తిన్నారో చెప్పండి. పాప ఎన్ని ముద్దలు తిందో మీకు గుర్తుంది, మీ కంచం సంగతి ఉత్తరం మొత్తంలో ఒక్కచోట కూడా లేదు. పాలిచ్చే తల్లి మీరు. అత్తగారు బాబుని ఎత్తుకున్న గంట మీది. ఆ గంటలో బట్టలు మడతపెట్టకండి, పడుకోండి. ఊరికే ఏడుపు రావడం, బాబు పడుకున్నా నిద్ర పట్టకపోవడం, దేనిమీదా మనసు లేకపోవడం రెండు వారాలకి మించి ఉంటే అది మీ లోపం కాదు. కాన్పు తర్వాత చాలామందికి వచ్చే ఇబ్బంది, దానికి వైద్యం ఉంది. మీ డాక్టరుకి చెప్పండి. లేదా మానసిక ఇబ్బందులకి ప్రభుత్వం నడిపే సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, డబ్బు ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

ఇంకొక్కటి. బాబుకి త్వరలోనే ఆరు నెలలు నిండుతాయి. ఈపాటికి ఉగ్గు మాట ఇంట్లో మొదలయ్యే ఉంటుంది. ఆరు నెలలు పూర్తిగా నిండేదాకా మీ పాలే చాలు, నీళ్లు కూడా అక్కర్లేదు. అన్నప్రాశన నాడు ఎవరైనా తేనె చుక్క నాకిస్తానంటే వద్దనండి. ఏడాది నిండేదాకా తేనె పసిపిల్లలకి ప్రమాదం. పాయసంలో కూడా వేయొద్దని ముందే చెప్పి ఉంచండి. ఆ రోజు మొదటి ముద్ద మీ ఆచారం ప్రకారం మేనమామో తాతగారో పెడతారు. రెండోది అక్క చేత పెట్టించండి. వారం ముందు నుంచే ‘తమ్ముడికి అన్నం తినడం రాదు, నువ్వే నేర్పించాలి’ అని చెప్పి ఉంచండి. చెయ్యి కడిగించి, వేలి చివర రవ్వంత మెత్తటి పాయసం పెట్టి, వాడి పెదవులకి తాకించనివ్వండి. వాడు ఉమ్మేస్తాడు, ఆరు నెలల పిల్లలందరూ అంతే. అప్పుడు మీ పాప మీ వైపు తిరిగి చూస్తుంది. ‘పర్లేదులే, వాడికి ఇప్పుడు ఆకలి లేదేమో’ అనండి.